అభ్యంతరాలు లేవు

కొట్టు నుంచి,
పదకొండో తేదీ, సోమవారం.

వదినకు,

నీ ఆడపడుచు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా, నువ్వూ అక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఈ రెండు ముక్కలూ రాసి అరగంట కూర్చున్నాను. మూడేళ్ళ తర్వాత రాస్తున్నాను కదా, మర్యాదగా ‘మీరు’ అని మొదలుపెడదామనుకున్నాను. చెయ్యి రాలేదు. తప్పయితే సర్దుకో.

కులాసా అన్నాను కానీ అమ్మకి మోకాళ్ళు బాగా పట్టేశాయి. మెట్లు దిగడం పూర్తిగా మానేసింది. పైనుంచే కేకేసి కొట్టు నడిపిస్తుంది. మా ఆయనకి కళ్ళజోడు వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాడో వెతుక్కోవడానికి ఇంకో కళ్ళజోడు కొనాలి. నాకేం లేదు, దుక్కలా ఉన్నాను.

నువ్వు సంతకం పెట్టి పంపిన సమ్మతి పత్రం ఈ కవర్లోనే పెట్టాను. దానితో ఇక పనిలేదు. పనెందుకు లేకపోయిందో నీకు చెప్పాలి. కొట్టులో సగం అన్నయ్యది, అన్నయ్య తర్వాత నీది. నీ సగం గురించి నాలుగు మాటలు తెలుసుకునే హక్కు నీకుంది. అసలు ఆ కాగితం పంపినప్పుడే రాయాల్సింది. నువ్వు ఇక్కడ పనిచేసిన లాండ్రీ వాళ్ళని అడిగి నీ అడ్రసు తెలుసుకున్నాను, కాగితం కవర్లో పెట్టాను, పోస్టు చేశాను. లోపల నా మాట ఒక్కటీ లేదు. నాలుగో రోజుకల్లా తిరిగొచ్చింది. ‘అభ్యంతరాలు ఏవైనా ఉంటే’ అన్న గడిలో ‘లేవు’ అని రాసి, కింద సంతకం పెట్టావు. నీ మాట కూడా ఒక్కటీ లేదు.

మా ఆయన ఆ కాగితం చూసి ఎగిరి గంతేశాడు. నేను మాత్రం దాన్ని బిస్కెట్ల డబ్బా కింద పెట్టి రెండు రోజులు ముట్టుకోలేదు. నువ్వు ఒప్పుకోవనుకున్నాను వదినా. అందరికంటే ముందు అభ్యంతరం చెప్పాల్సింది నువ్వు. నువ్వు కాదంటే దరఖాస్తు అక్కడే ఆగిపోయేది, నా పని తేలికయ్యేది. నువ్వేమో ఒక్క ముక్కతో తేల్చేశావు.

మందు అమ్మే లైసెన్సు మాకెందుకు కావాల్సి వచ్చిందంటే, కూడలిలో పెద్ద సూపర్‌మార్కెట్ వచ్చింది. నువ్వెళ్ళిన మరుసటేడే తెరిచారు. బండి తోసుకుంటూ చల్లగా తిరగొచ్చు, పాటలు కూడా వేస్తారు. మన పేట జనం నెల సరుకంతా అక్కడ కొనుక్కొచ్చి, అక్కడ మర్చిపోయిన అగ్గిపెట్టె కోసం మన దగ్గరికి వస్తారు. పైగా నీ కొట్టు లేకపోతే మా గతేమిటమ్మా అని మెచ్చుకుంటారు కూడా. సాయంత్రమయ్యేసరికి రొట్టెలు అలాగే మిగిలిపోతున్నాయి. మేమే తింటున్నాం. మా అమ్మ నన్ను పెంచింది ఈ మిగిలిన రొట్టెలు తినడానికా అని మా ఆయన జోకులేస్తాడు కానీ ఆ నవ్వులో ఉత్సాహం ఉండదు.

లైసెన్సు ఆలోచన ఆయనదే. సాయంత్రం సీసా కోసం సూపర్‌మార్కెట్‌కి వెళ్ళినవాళ్ళు సబ్బూ పాలూ కూడా అక్కడే కొనేస్తున్నారు, సీసా మన దగ్గర దొరికితే సబ్బూ పాలూ మన దగ్గరే కొంటారు అన్నాడు. నేను రెండు వారాలు ఆలోచించాను, ఆ మాటలో ఎక్కడా తప్పు కనిపించలేదు. ఆయన తాళం వేసే అలమర కూడా స్వయంగా చేశాడు. రెండు ఆదివారాలు రంపం పట్టుకున్నాడు. అరలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి గ్లాసులో నీళ్ళు పోసి ఒక్కో అర మీదా పెట్టి, వంగి చూసేవాడు. ఆయన ఏదన్నా పనిలో అంత సంతోషంగా ఉండగా చూసి చాలా కాలమైంది. అందుకే నేను నోరెత్తలేదు.

దరఖాస్తు పెట్టాక నాలుగు వారాలు కొట్టు తలుపుకి నోటీసు అంటించాలి. పసుపు రంగు కాగితం. అభ్యంతరాలున్నవాళ్ళు ఫలానా తేదీలోగా ఫలానా చోట తెలపాలి అని. పాలకి వచ్చినవాళ్ళు పాల సంగతి మర్చిపోయి, కాగితం చదువుకుని వెనక్కి వెళ్ళిపోయారు. మన కొట్టు తలుపు దగ్గర అంతమంది నిలబడటం సూపర్‌మార్కెట్ వచ్చాక అదే మొదలు.

హెడ్మాస్టారమ్మ గుర్తున్నారు కదా, ఎదురింటి మేడ మీద ఉంటారు, అన్నయ్యకీ నాకూ చదువు చెప్పారు. మొదటి అభ్యంతరం ఆవిడదే. ఊరికే తను రాసి ఊరుకునే మనిషి కాదుగా, అందరి సంతకాలూ పోగేస్తానని బయలుదేరారు. రెండో రోజు వాన పట్టుకుంది. ఆవిడ గొడుగు ముడుచుకుని మన కొట్టు చూరు కిందికే వచ్చి, నీ కొట్టు మీద సంతకాలు నీ కొట్టు ముందే తీసుకుంటే నీకేమన్నా ఇబ్బందా అని అడిగారు. ఏమంటాను? కుర్చీ వేశాను. ఆవిడ గంటసేపు కూర్చుని పదకొండు సంతకాలు తీసుకున్నారు. ఒకాయన నా కలమే అడిగి పుచ్చుకుని, నాకు వ్యతిరేకంగా సంతకం పెట్టి, కలం తిరిగిచ్చి థాంక్సమ్మా అన్నాడు. వెళ్ళేటప్పుడు హెడ్మాస్టారమ్మ రోజూ కొనే రొట్టె కొనుక్కున్నారు. నువ్వు మందు అమ్మడం నాకిష్టం లేదు కానీ రొట్టె మాత్రం నీ దగ్గరే కొంటాను, అది వేరు ఇది వేరు అన్నారు. మా ఆయన మాత్రం కుర్చీకి అద్దె తీసుకోవాల్సింది అన్నాడు.

రెండో అభ్యంతరం మందుల షాపాయనది. ఆయన తన పేరుతో విడిగా రాశాడు. మందుల షాపు పక్కన మందు షాపు పెడితే జనం తికమకపడతారు, దగ్గు మందు అడిగేవాడు ఎవడో, ఆ మందు అడిగేవాడు ఎవడో తేల్చుకోలేక చస్తాను అని. ఇది సరదాకి రాయలేదు వదినా, నిజంగానే రాశాడు. నీకు తెలుసుగా, ఆయన జీవితంలో సరదాకి ఏదీ చెయ్యలేదు.

ఇప్పుడే ఒకావిడ బ్యాటరీలకి వచ్చింది, ఇచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఎక్కడిదాకా వచ్చాను? విచారణ.

పోయిన గురువారం పదింటికి పిలిచారు. ఆఫీసు పై అంతస్తులో జనన మరణాల కౌంటరు పక్క గది. గోడకి అటువైపు నుంచి చంటిపిల్లల ఏడుపు వినిపిస్తూనే ఉంది. పొడుగాటి బల్ల, దానికి ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన కాగితం. అధికారికి జలుబు. ముక్కు తుడుచుకోవడానికీ రాసుకోవడానికీ ఒకటే చెయ్యి వాడుతుండటంతో పని నెమ్మదిగా సాగింది. అటువైపు కుర్చీల్లో హెడ్మాస్టారమ్మ, మందుల షాపాయన, ఇంకో పదిమంది. ఇటువైపు మా ఆయన, నేను, సెలూన్ ఆయన. అంతే. అమ్మ రాలేదు. బయలుదేరేటప్పుడు వెళ్ళొస్తానమ్మా అంటే, కొట్టు మీది, మీ ఇష్టం అంది. లైసెన్సు గురించి మొదట్నుంచీ అమ్మది ఆ ఒక్క మాటే. అటు తిరిగి పడుకుని చెబుతుంది.

ముందు మా ఆయన లేచి రాసుకొచ్చింది చదివాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, కళ్ళజోడు మర్చిపోయాడు. కాగితాన్ని చేతులంత దూరాన పట్టుకుని చదివాడు పాపం. పిల్లలకి అమ్మం, తాగున్నవాళ్ళకి అమ్మం, అలమరకి తాళం ఉంటుంది, తాళంచెవి నా భార్య దగ్గరే ఉంటుంది. బాగానే చెప్పాడు. అధికారి బాగానే రాసుకున్నాడు.

తర్వాత హెడ్మాస్టారమ్మ. స్కూలు పిల్లలు ఆ దారినే వెళతారన్నారు, సీసాలు పగిలితే కాళ్ళకి గుచ్చుకుంటాయన్నారు. ఆ మీదట కాస్త ఆగి, ఈ ఇంటి పిల్లాడు నా దగ్గరే చదువుకున్నాడు, లెక్కల్లో వాణ్ణి మించినవాడు లేడు, మందు మూలంగానే నలభై నాలుగో ఏట పోయాడు, ఆ ఇంటి కిందే ఆ సీసాలే పేరుస్తామంటే నాకు నోట మాట రావడం లేదు అన్నారు. నోట మాట రావడం లేదంటూనే ఇంకో పది నిమిషాలు మాట్లాడారు. నేను తలొంచుకుని బల్ల కింద మడిచిన కాగితాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు.

మందుల షాపాయన తన తికమక సంగతి చెప్పుకుని కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు సెలూన్ ఆయన లేచాడు. ఆయన మంచివాడే వదినా, మనవైపు మాట్లాడటానికి పనిమాని వచ్చాడు. పక్క కొట్టుకి జనం వస్తే తన కుర్చీ కూడా ఖాళీగా ఉండదని ఆశ ఉంటే ఉండనీ. ఆయన అన్నవి అన్నట్టే రాస్తున్నాను, నీకు బాధ కలిగినా సరే. నీ వెనక ఇన్నాళ్ళూ ఏమనుకున్నారో నీకు తెలియాలి.

అయ్యా, వాళ్ళన్నయ్య పోయిన మాట నిజమే కానీ దాన్ని తెచ్చి ఈ లైసెన్సుకి ముడిపెట్టకండి అన్నాడు. ఆయన ఆస్పత్రిలో ఉండొచ్చి పూర్తిగా మానేశాడు, ఏడు నెలలు చుక్క ముట్టలేదు, వారం వారం గడ్డం గీసేవాణ్ణి కాబట్టి దగ్గరగా చూసిన సాక్షిని నేను అన్నాడు. తర్వాత కొట్లో నిచ్చెన మీంచి పడి కాలు విరిగింది, తుంటి దాకా కట్టు వేశారు, మంచం దిగలేడు, అలాంటివాడి పరుపు కింద సీసా దొరికింది, మరి సీసాకి కాళ్ళు రాలేదు కదా, ఇంట్లో పెళ్ళామే తెచ్చిపోసింది, అందుకే అత్తగారు ఆవిణ్ణి వెళ్ళగొట్టింది, ఇది పేటంతా ఎరిగిందే అన్నాడు. ఆవిడెవరో చేసినదానికి ఇవాళ ఈ చెల్లెలి కడుపు కొడతారా అని అడిగి, గెలిచినవాడిలా కూర్చున్నాడు.

గదిలో ఎవరూ కాదనలేదు. హెడ్మాస్టారమ్మ కూడా కిటికీకేసి చూస్తున్నారు. అటువైపు పదిమందీ తలాడిస్తున్నారు. ఇటు మా ఆయన కూడా తలాడిస్తున్నాడు, లాండ్రీ నుంచి అలిసిపోయి వచ్చి భర్తకి ఒళ్ళు తుడిచి అన్నం పెట్టిన మనిషి గురించి.

అధికారి ఫైలు తిరగేసి నీ సమ్మతి పత్రం పైకి తీశాడు. ఈ సంతకం ఆవిడదేనా అని నన్నడిగాడు. అవునన్నాను. ఆయన చెప్పింది నిజమేనా, నిజమైతే ఇందాకటి అభ్యంతరానికి అంత బరువు ఉండదు, నేను అలా రాసుకోవాలి, మీ నోటితో చెప్పండి అన్నాడు. చెప్పి, కలం కాగితం మీద ఆనించి, ముక్కు ఎగపీల్చి, నాకేసి చూశాడు.

తలూపితే చాలు. మాట్లాడనక్కర్లేదు కూడా.

లేచి నిలబడి, నిజం కాదండీ, మా వదిన తేలేదు అన్నాను.

మీకెలా తెలుసు అన్నాడు. తెలుసు అన్నాను. మరైతే ఎవరు తెచ్చారు అన్నాడు. గదమాయించి కాదు, గడి ఖాళీగా ఉంది కాబట్టి అడిగినట్టు అడిగాడు. గోడకి అటువైపు పిల్ల ఏడుస్తూనే ఉంది. మా ఆయన నా కొంగు లాగాడు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానండీ అన్నాను.

అధికారికి ఇది అలవాటైన సంగతి కాదనుకుంటాను. వెనక్కి తీసుకోవడానికి వేరే ఫారం ఉండాలన్నాడు. సొరుగులన్నీ వెతికాడు, కింది అంతస్తుకి కబురు పంపాడు. అది వచ్చేసరికి పావుగంట. ఆ పావుగంటా అందరం ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నాం. కారణం రాయమని ఒక గడి ఉంది. ‘సొంత కారణాలు’ అని రాశాను. దరఖాస్తు నా పేర్న ఉంది కాబట్టి నా సంతకం ఒక్కటీ సరిపోయింది.

మా ఆయన నా ముందే మెట్లు దిగాడు. బస్సు ఎక్కుదామనీ అనలేదు, నడుద్దామనీ అనలేదు, నడిచాడు. నేను వెనకాల నడిచాను. లాండ్రీ దాటాక ఆగి, ఒక్క ముక్క నాతో ముందే అనుంటే ఆ అలమరకి అంత కష్టపడేవాణ్ణి కాదు కదా అన్నాడు. అప్పటిదాకా నాకూ తెలియదు అన్నాను. పేటవాళ్ళ మాట కాదనలేక మానుకున్నావా అని అడిగాడు. అవునన్నాను. అదే మాట అందరికీ చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టారమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. నా క్లాసులో నువ్వెప్పుడూ వెనక బెంచీలో కూర్చునేదానివి, ఇవాళ అందరికంటే ముందుకొచ్చావు అన్నారు. పేట మొత్తానికి చెబుతున్నారు. రెండు రొట్టెలు కొన్నారు. ఆవిడ చెప్పడం వల్లనో ఏమో ఈ నాలుగు రోజులూ రొట్టెలు మిగల్లేదు, మందుల షాపాయన కూడా సబ్బు ఇక్కడే కొన్నాడు. సెలూన్ ఆయన మాత్రం నన్ను చూసి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోతున్నాడు. ఆయన్ని అనాల్సిందేమీ లేదు.

అలమర ఊరికే ఉంచడం ఇష్టం లేక మా ఆయన పార్సిళ్ళ కంపెనీతో మాట్లాడుతున్నాడు. పగలు ఇంట్లో ఎవరూ లేనివాళ్ళ పార్సిళ్ళు మన దగ్గర దింపితే, సాయంత్రం వచ్చి తీసుకెళతారు. తీసుకోవడానికి వచ్చినవాళ్ళు ఊరికే పోతారా అంటాడు. చూద్దాం. నీ సగానికి నష్టం రాకుండా చూసుకుంటాను. కుదిరితే అలమర అలాగే పనికొస్తుంది, తాళంతో సహా.

ఇంక విశేషాలేమీ లేవు. నీ ఆరోగ్యం జాగ్రత్త. అక్కడ ఆవిరి గదిలో పని అయితే ఒంటికి చెమట పట్టినప్పుడు చల్లగాలిలోకి రాకు.

ఇట్లు,
నీ ఆడపడుచు.

తా.క.

గురువారం.

పైదంతా సోమవారం రాసింది. మడిచి కవర్లో పెట్టాను కానీ అంటించలేకపోయాను. అందులో అబద్ధం ఒక్కటే ఉంది. పేటవాళ్ళ మాట కాదనలేక మానుకోలేదు. ఆ సీసా తెచ్చింది నేను.

నువ్వు పొద్దున పనికెళితే మధ్యాహ్నాలు నేనే కదా అన్నయ్య దగ్గర కూర్చునేది. అమ్మ నిద్రపోయేది. కట్టు లోపల కాలు దురదపెట్టి, నొప్పెట్టి, గోడకేసి తల కొట్టుకునేవాడు. మొదట నవ్వుతూ అడిగాడు. తర్వాత ఏడుస్తూ అడిగాడు. ఒక్కసారి, ఈ ఒక్కసారి అన్నాడు. నేను వెళ్ళకపోతే కట్టు ఈడ్చుకుంటూ తనే మెట్లు దిగుతాడేమో అని నాకు నేను చెప్పుకున్నాను. మనల్ని ఎరగని కొట్టుకి, రెండు వీధులు అవతలికి వెళ్ళాను. రొట్టెల సంచిలో పెట్టి తెచ్చాను. రెండు గుక్కలు తాగి, చంటిపిల్లాడిలా నిద్రపోయాడు. నాకు సంతోషం వేసింది వదినా. అది కూడా చెప్పాలి. అన్నయ్య మొహం అంత హాయిగా ఉండటం చూసి సంతోషపడ్డాను.

రెండోసారి అంత అడగనక్కర్లేకపోయింది. పదకొండు రోజుల్లో నాలుగుసార్లు తెచ్చాను. ఒక్క చుక్క కూడా కూడదని డాక్టరు చెప్పినప్పుడు నీ పక్కనే నిలబడి విన్నది నేనే. రక్తం కక్కుకుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళి, రెండు రోజులు నువ్వు నిద్రాహారాలు మాని కూర్చున్నప్పుడు కూడా నీ పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

అన్నయ్య పోయాక అమ్మ పరుపు ఎత్తి సీసా చేత్తో పట్టుకుని ఎవరు అని అడిగింది. నువ్వు నేను కాదత్తయ్యా అన్నావు. మరెవరు అంది. నువ్వు ఒక్కసారి నాకేసి చూశావు. నేను దుప్పటి మడవడం మొదలుపెట్టాను.

ఇందులో నీకు తెలియని సంగతేమీ లేదు. నువ్వు తేలేదని నీకు తెలుసు. మా ఆయన ఆ రోజుల్లో ఊళ్ళో లేడు. అమ్మ గుమ్మం దాటలేదు. ఇక మిగిలిందెవరు? నీకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది, అయినా నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నిన్ను అడగను. నేనెందుకు చెప్పలేదో చెబుతాను. భయం. అమ్మ నన్ను అలా చూస్తే తట్టుకోలేననుకున్నాను. నువ్వయితే తట్టుకుంటావని నాకు నేనే తీర్మానం చేసేసుకున్నాను. ఆవిడ అన్న మాటలు నువ్వు తట్టుకుని, పెట్టె సర్దుకుని మెట్లు దిగుతుంటే, కౌంటరు దగ్గర నిలబడి చిల్లర సర్దుతున్నట్టు నటించాను.

మంగళవారం అమ్మకి చెప్పేశాను. చొక్కాకి గుండీలు కుడుతోంది. ఎదురుగా కూర్చుని, మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. ఆపకుండా కుట్టింది. గుండీ అయిపోయాక దారం పళ్ళతో తెంపి, ఇంకో గుండీ మొదలుపెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. మా ఆయన మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. ఆ రాత్రి అన్నం దగ్గర, ఆ గదిలో నేను కూడా తలాడించాను కదా అని ఒక్కమాట అన్నాడు, అంతే.

నిన్నంతా అమ్మ నాతో మాట్లాడలేదు. ఈవేళ పొద్దున్న కేకేసి, దాని అడ్రసు నీ దగ్గరుందా అని అడిగింది. నువ్వు చెప్పమ్మా, నేను ఉత్తరం రాస్తానన్నాను. ఉత్తరంతో అయ్యే పని కాదు, బస్సెక్కుతాను అంది. ఈ మోకాళ్ళతోనా అన్నాను. మోకాళ్ళు నావి, నీకెందుకు అంది. వదినకి అక్కడ ఎంత చోటుందో నాకు తెలియదమ్మా అన్నాను. నేల మీద పడుకుంటానంది. తలుపు తియ్యకపోతే అన్నాను. తియ్యకపోతే ఆ గుమ్మం ముందు కాసేపు కూర్చుని వచ్చేస్తాను, అంతకంటే నేనేం అడగగలను అంది.

నేనూ వెంట వస్తానన్నాను. వద్దంది. ముందు తను వెళ్ళాలట, నా వంతు తర్వాతట.

అడ్రసు ఇంకా ఇవ్వలేదు. నీ గుమ్మం ముందు ఎవరు కూర్చోవాలో చెప్పాల్సింది నువ్వు. రావద్దంటే రావద్దని రాయి, ఉన్నదున్నట్టు చదివి వినిపిస్తాను. రమ్మంటే మాత్రం ఏ బస్సో, ఎక్కడ దిగాలో వివరంగా రాయి. ఆవిడ ఎవర్నీ అడగదు, నీకు తెలుసుగా.